చేప చర్మపు కట్టు: మానే రోజులతో పాటు మార్చే కట్లు కూడా లెక్కపెట్టాలి

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. బ్రెజిల్‌లో ఎవరిదో కాలిన చేతి మీద తిలాపియా చేప చర్మాన్ని పరిచి కట్టు కడుతున్నారు. దాని కింద మావాళ్ళలో ఒకరు "షుగర్ పుండ్లకు చేపే మందు, మన పెద్దవాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు" అని రాశారు. ఆ చర్చ చల్లారకముందే గాజువాకలో ఉండే మా పెద్దమ్మ ఇంటికి ఒకాయన చేప సారంతో చేసిన లేపనం అంటూ ఒక డబ్బా పట్టుకొచ్చాడు. పెద్దమ్మకు చాలాకాలంగా షుగర్ ఉంది, మడమ మీద పుండు ఒకటి మానకుండా ఏడిపిస్తోంది. నేను సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసే ఒక కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను కాబట్టి, చేప అన్న మాట ఎక్కడ వినబడినా మా ఇంట్లో తీర్పు నన్నే అడుగుతారు. వైద్యం నా చదువు కాదు. అయితే చేప నుంచి ఏం తీయవచ్చో, తీసింది ఎంతకాలం నిలుస్తుందో, ఎక్కడ పాడవుతుందో రోజూ చూసే పని నాది.

చేప నుంచి వచ్చే పదార్థాలకు గాయాల వైద్యంలో చోటు ఉందనే నేను నమ్ముతాను. ఆ చోటు ఎక్కడన్నదే పేచీ. అమ్మేవాళ్ళు, వీడియోలు పంపేవాళ్ళు, కొన్నిసార్లు పత్రికలవాళ్ళు కూడా పుండు ఎంత త్వరగా మానుతుందన్న ఒక్క సంగతే మాట్లాడతారు. నాకు అర్థమైనంతలో విశాఖపట్నం ఆసుపత్రులకు వచ్చే రోగికి చేప చర్మం చేయగలిగిన పెద్ద ఉపకారం మరొకటి: కట్టు విప్పే సార్లు తగ్గడం, విప్పేటప్పటి బాధ తగ్గడం, ఆసుపత్రి చుట్టూ తిరిగే తిరుగుడు తగ్గడం. ఏ ఉత్పత్తిని మెచ్చుకోవాలన్నా, ఏ పరిశోధనకు డబ్బు పెట్టాలన్నా మొదట ఈ లెక్క చూడాలని నా వాదన.

డబ్బా మూత తీస్తే

ముందు ఆ డబ్బా సంగతి. దాని మీద "సముద్రపు ఒమేగా", "చేప సారం" అన్న మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. ఏ చేపో లేదు, చేపలో ఏ భాగమో లేదు, నూటికి ఎన్ని పాళ్ళు కలిపారో లేదు. మూత తీసి వాసన చూస్తే మొదట కర్పూరం ఘాటు తగిలింది, దాని వెనకనుంచి పాత పెయింటు వాసన మెల్లగా పైకొచ్చింది. చేప నూనె చెడితే వచ్చే వాసన అదే. ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల్లో ద్విబంధాలు ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్‌కు అవి తేలిగ్గా లొంగిపోతాయి, ముందు పెరాక్సైడ్లు, తరవాత ఆల్డిహైడ్లు పుడతాయి. ల్యాబ్‌లో మేము నూనె నమూనాకు పొటాషియం అయోడైడ్ కలిపి, విడుదలైన అయోడిన్‌ను థయోసల్ఫేట్‌తో కొలుస్తాం. గంజి ద్రావణం వేయగానే ముదురు నీలం తిరిగిన ఫ్లాస్కు, బ్యూరెట్ నుంచి జారే ఏ చుక్క దగ్గర రంగు కోల్పోతుందో చూసి ఆ నూనె ఎంత చెడిందో చెబుతాం. మూత తెరిచిన సీసాను ఉక్కపోతలో కిటికీ గట్టు మీద వదిలేస్తే ఆ అంకె ఎలా ఎగబాకుతుందో చూసినవాళ్ళెవరూ, ఎప్పుడు తయారైందో తెలియని చేప నూనె లేపనాన్ని పచ్చి పుండు మీద రాయమని చెప్పరు.

అలాగని చేప నూనె లేపనమన్న ఆలోచనే బూటకమని కొట్టిపారేయలేను. 1930ల్లో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో విల్హెల్మ్ లోర్ అనే శస్త్రవైద్యుడు కాడ్ లివర్ ఆయిల్ (కాడ్ అనే చల్లని సముద్రపు చేప కాలేయం నుంచి తీసే నూనె) లేపనాన్ని కాలిన గాయాలకూ మానని పుండ్లకూ వాడి, ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ నూనెలో ఎ, డి విటమిన్లు ఉన్నాయి. స్టెరాయిడ్ల వల్ల మందగించిన గాయాన్ని విటమిన్ ఎ తిరిగి దారిలో పెడుతుందని 1960ల్లో జంతువులపై జరిగిన ప్రయోగాల్లో తేలింది. కాడ్ లివర్ ఆయిల్‌కు జింక్ ఆక్సైడ్ కలిపిన లేపనాన్ని పసిపిల్లల డైపర్ ఒరిపిడికి పాశ్చాత్య దేశాల్లో తరతరాలుగా వాడుతున్నారు. అది పైచర్మం కందిపోవడానికి సంబంధించిన వైద్యం. ఎముక దాకా తొలిచే మధుమేహపు పుండుకు అదే పనిచేస్తుందని చెప్పడం వేరే సాహసం.

ఇక మన పెద్దవాళ్ళకు తెలుసన్న మాట. అందులో కొంత నిజం ఉంది, అయితే ఆ నిజం మనకన్నా మలేషియా, ఇండోనేషియాలకే ఎక్కువ చెందుతుంది. కొర్రమీనును అక్కడ ప్రసవించిన స్త్రీలకూ ఆపరేషన్ అయినవాళ్ళకూ వండిపెడతారు, దాని సారాన్ని లేపనంగానూ వాడతారు. కొర్రమీను అనగానే మనకు మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఆస్తమాకు మింగించే చేప మందు గుర్తొస్తుంది. దాని జోలికి ఇప్పుడు పోను. మలేషియా శాస్త్రవేత్తలు కొర్రమీను సారంలో గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాలను, అరాకిడోనిక్ ఆమ్లాన్ని గుర్తించి, గాయం మానడంతో వాటిని ముడిపెట్టారు. ఆ లేపనాల మీద చదివిన వాటిలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఎలుక చర్మం శరీరానికి వదులుగా అంటుకుని ఉంటుంది, దాని గాయం ప్రధానంగా అంచులు దగ్గరికి లాక్కుని మూసుకుపోతుంది. మనిషి గాయంలో అడుగున కొత్త కండ పెరగాలి, అంచుల నుంచి పైచర్మం పాకుతూ రావాలి. ఎలుక వీపు మీద గెలిచిన మందు మనిషి మడమ మీద గెలుస్తుందన్న హామీ ఏమీ లేదు.

ఇంతకన్నా నన్ను ఆకట్టుకున్నది జెల్ల చేప కథ. మన హార్బరులో జెల్ల పడితే జాలరులు మొట్టమొదట దాని ముళ్ళు విరిచి పారేస్తారు. ఆ ముల్లు గుచ్చుకుంటే చేయి మోచేతి దాకా సలుపుతుంది. పర్షియన్ గల్ఫ్‌లో ఇదే కుటుంబానికి చెందిన చేప ఒకటుంది. బెదిరినప్పుడు దాని ఒంటి మీద జిగురు ఊరుతుంది. ఆ జిగురు తగిలిన గాయాలు త్వరగా మానుతున్నాయని అక్కడి జాలరులు అనడం విని, కువైట్ విశ్వవిద్యాలయంలో జాసిం అల్-హసన్ దశాబ్దాల పాటు దాని మీద పనిచేశారు. తేలిందేమిటంటే అందులో గాయాన్ని మాన్పే కొవ్వు పదార్థాలూ, ప్రొటీన్లూ ఉన్నాయి, వాటితో పాటు విషపదార్థాలూ ఉన్నాయి. విషాన్ని విడదీసి, పనికొచ్చే భాగాన్ని వేరు చేస్తే తప్ప అది మందు కాలేదు. జాలరుల అనుభవం దారి చూపింది. మందు తయారైంది మాత్రం ఆ వేరుచేసే పనిలో.

పచ్చి చేపను తెచ్చి పుండు మీద వేసుకునే వాళ్ళుంటారా అని అనుమానం రావచ్చు. వీడియో చూసి నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఉన్నారు కనుక చెబుతున్నాను. మా కర్మాగారంలో రొయ్య ఒలిచే ఆడవాళ్ళ చేతులు చూస్తే చాలు. గంటల తరబడి ఐసు నీళ్ళలో నాని వేళ్ళ సందులు పాసిపోతాయి, రొయ్య తల ముల్లు గీరిన చోట ఎర్రగా పొంగుతుంది. తొడుగులు వేసుకోమంటే ఒలుపు జారిపోతోందని తీసేస్తారు. ఇంటికి వెళ్ళి పసుపు, కొబ్బరినూనె రాసుకుంటారు. చేపలు, రొయ్యలు పట్టుకునేవాళ్ళ గాయాల్లోకి ఎరిసిపెలోత్రిక్స్, మైకోబాక్టీరియం మరైనమ్ లాంటి సూక్ష్మజీవులు చేరతాయని వైద్య పుస్తకాల్లోనే ఉంది. వెచ్చని సముద్రపు నీటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా, మధుమేహం, కాలేయ వ్యాధి ఉన్నవాళ్ళ గాయంలో చేరితే ప్రాణానికే ముప్పు. వీడియోలోని తిలాపియా చర్మం చేపల మార్కెట్టు నుంచి నేరుగా వచ్చింది కాదు. దాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, గ్లిజరాల్‌లో ఊరబెట్టి, రేడియేషన్‌తో శుద్ధి చేశారు.

మందు కన్నా ఆసరా ఎక్కువ

చేప చర్మం గాయంలో ఏం చేస్తుంది? దానిలో ప్రధానంగా ఉండేది టైప్-1 కొల్లాజెన్, మన చర్మంలో ఎక్కువగా ఉండేదీ అదే. జీవకణాలను తీసేసిన చేప చర్మంలో చిన్న చిన్న గదుల అల్లిక మిగులుతుంది. చిక్కుడు పాదు పందిరిని పట్టుకుని పాకినట్టు రోగి సొంత కణాలు ఆ అల్లికను పట్టుకుని లోపలికి పాకుతాయి, కొత్త రక్తనాళాలు వేస్తాయి, చివరికి ఆ అల్లికనే తమలో కలుపుకుంటాయి. గాయాన్ని మాన్పేది శరీరమే. చేప ఇచ్చేది ఆసరా.

ఆవు, పంది కణజాలాల నుంచి ఇలాంటి ఆసరాలు ఎప్పటినుంచో తయారవుతున్నాయి. చేపకు ఉన్న సౌలభ్యం ఏమిటంటే, పశువుల నుంచి మనుషులకు సోకే వైరస్‌లు, పిచ్చి ఆవు వ్యాధి లాంటి భయాలు చల్లని నీటి చేపతో ఉండవు. భయం తక్కువ కనుక ఘాటైన రసాయనాలతో ఉతకనక్కరలేదు, అల్లికా అందులోని కొవ్వులూ చాలావరకు చెక్కుచెదరకుండా మిగులుతాయి. ఐస్‌లాండ్‌లోని ఇసాఫ్యోర్దూర్ అనే చిన్న రేవు పట్నంలో మొదలైన కెరెసిస్ కంపెనీ కాడ్ చర్మంతో చేసిన వ్యాపారం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది. 2023లో డెన్మార్క్‌కు చెందిన కోలోప్లాస్ట్ దాన్ని 130 కోట్ల డాలర్ల వరకు ధర కట్టి కొనుక్కుంది.

ఆ చర్మాన్ని చర్మంగా వాడటానికీ, అందులోంచి కొల్లాజెన్‌ను కరిగించి తీసి డబ్బాలో కలపడానికీ చాలా తేడా ఉంది. కొల్లాజెన్ మూడు పేటలుగా అల్లుకున్న ప్రొటీన్. చల్లని నీటి చేపలో ఆ పేటలను బిగించే హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. అందుకే కాడ్ నుంచి విడదీసిన కొల్లాజెన్ సుమారు 15 డిగ్రీల దగ్గరే పేటలు విడిపోయి జెలటిన్ అవుతుంది. మే నెలలో గాజువాక ఇంటి అలమరలో దాని గతి ఏమిటో చెప్పనక్కరలేదు. తిలాపియా వెచ్చని నీటి చేప కనుక దాని కొల్లాజెన్ ఇంకా ఎక్కువ వేడికి నిలుస్తుంది. పైగా చెక్కుచెదరని చర్మం మీద కొల్లాజెన్ క్రీము రాస్తే లోపలికి పోయేది శూన్యం. సుమారు 500 డాల్టన్లకు (డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే ప్రమాణం) మించిన అణువు మన పైచర్మాన్ని దాటలేదని చర్మవైద్యులు చాలాకాలంగా వాడుతున్న కొలమానం, కొల్లాజెన్ అణువు బరువు 3,00,000 డాల్టన్ల దాకా ఉంటుంది. నగరంలో బ్యూటీ క్లినిక్కులు ఇప్పుడు "సాల్మన్ డీఎన్ఏ" ఫేషియల్ అంటూ బోర్డులు పెడుతున్నాయి. సాల్మన్ బీజం నుంచి తీసే ఆ పాలీన్యూక్లియోటైడ్లను మధుమేహపు పుండ్ల అంచుల్లో సూదితో ఎక్కించి ఇటలీ వైద్యులు మెరుగైన ఫలితాలు చూపించిన మాట వాస్తవమే. ముఖం మీద రుద్ది కడిగేసే క్రీముకు ఆ పేరు తగిలించడం మాత్రం పెళ్ళివారి పల్లకీలో దారినపోయేవాడు ఎక్కి కూర్చోవడమే.

కట్టు విప్పే వేళ

పెద్దమ్మ కట్టు మార్చడం దగ్గరుండి చూసిన తరవాతే నా ఆలోచన ఈ దారి పట్టింది. కాంపౌండరు మంచివాడే, తొందరలో ఉన్నాడు. గాజుగుడ్డ పుండులోని రసికి అంటుకుని ఎండిపోయింది. సెలైన్ పోసి నానబెట్టాల్సినంత సేపు నానబెట్టలేదు. అంచు పట్టుకుని లాగితే గుడ్డతో పాటు కొత్తగా వేసిన ఎర్రని కండ కూడా పొరగా లేచొచ్చింది, మడమ నుంచి సన్నటి నెత్తుటి చార బల్ల మీదికి కారింది. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గినా, పుండు పై అంచున ఇంకా ప్రాణం ఉంది; ఆవిడ మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుని పళ్ళు బిగించింది. బయటికి వచ్చాక ఆటోలో నాతో అన్న మాట ఇది: "ఒరే నాయినా, ఆ కట్టు రోజూ ఇప్పకుండా ఉండీ మందు ఏటైనా ఉంటే చెప్పు. మానడం సంగతి తరవాత చూసుకుందాం."

ఆ మాట విన్న తరవాత బ్రెజిల్ ప్రయోగాల ఫలితాలు మళ్ళీ చదివాను. ఫోర్తలేజాలో ఎడ్మార్ మాసియెల్ బృందం కాలిన గాయాల రోగులను రెండు గుంపులు చేసి, ఒకరికి తిలాపియా చర్మం, మరొకరికి మామూలుగా వాడే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము వాడింది. పైపైన కాలిన గాయాల్లో పైచర్మం తిరిగి కప్పుకోవడానికి పట్టిన కాలంలో తేడా సగటున ఒక రోజు కూడా లేదు. వీడియోల్లో అద్భుతమంటున్న వేగం అంతే. కట్టు మార్చిన సార్లలో, నొప్పి లెక్కలో, నొప్పి మాత్రల వాడకంలో తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది. క్రీము రాస్తే రోజూనో రోజు విడిచి రోజో తుడిచి మళ్ళీ రాయాలి. చేప చర్మం గాయానికి అతుక్కుని, కింద చర్మం వచ్చేదాకా ఉండి, ఎండి తనంతట తాను ఊడుతుంది. 2017 చివర్లో కాలిఫోర్నియా కార్చిచ్చులో పాదాలు కాలిన ఎలుగుబంట్లకు పశువైద్యులు తిలాపియా చర్మం ఎంచుకోవడంలోనూ ఇదే తర్కం ఉంది: అడవి జంతువుకు రోజూ కట్టు మార్చడం కుదిరే పని కాదు, ఆ కట్టును పీక్కుని మింగినా చేప చర్మం దాన్ని చంపదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. విశాఖపట్నంలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం జిల్లా చివరనున్న ఇచ్ఛాపురం వైపు నుంచీ, అరకు కొండల నుంచీ, ఒడిశా నుంచీ కూడా రోగులు వస్తారు. కట్టు మార్పించుకోవడమంటే వాళ్ళకు ఒక రోజు కూలి పోవడం, తోడు వచ్చినవాళ్ళది మరో కూలి, బస్సు, ఆటో, మధ్యాహ్నం తిండి. ఆ ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు. పుండు మానక ముందే మనిషి కట్టుకు రావడం మానేస్తాడు, ఆ తరవాత వేలు నల్లబడ్డాక తిరిగి వస్తాడు. వారానికి ఒకసారి మార్చితే చాలునన్న కట్టు వీళ్ళకు రెండు రోజుల ముందు మానడం కన్నా విలువైనది.

నా మాటకు ఎదురు నిలిచే గట్టి పరిశోధన ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ, స్వీడన్‌లలో లోతైన మధుమేహ పాదపు పుండ్లున్న 255 మందితో జరిగిన ప్రయోగం 2024లో వెలువడింది. కాడ్ చర్మం వేసినవాళ్ళలో 16 వారాలకు నూటికి 44 మందికి పుండు మానింది, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 26 మందికి. ఇది చిన్న తేడా కాదు. అలాంటి పుండ్లలో మానడం విషయంలోనే చేప చర్మం మేలు చేసిందని ఒప్పుకోవాలి. ఎవరికి ఏ కట్టు కట్టారో వైద్యులకూ రోగులకూ తెలిసిన ప్రయోగం అది, ఉత్పత్తి చేసే కంపెనీ ప్రమేయం ఉన్నది కూడా. అయినా ఆ అంకెలను నేను తీసిపారేయను, రెండోవైపు నుంచి కూడా చదువుతాను. అంత ఖరీదైన కట్టు వేసినా, ఐరోపా ఆసుపత్రుల్లో, నిపుణుల పర్యవేక్షణలో, నాలుగు నెలలు గడిచినా సగం మందికి పైగా పుండ్లు మానలేదు. వాళ్ళందరూ కట్లు మార్చుకుంటూనే ఉన్నారు. వేగం పెరిగినా కట్ల బాధ తీరదు కనుక కట్ల లెక్క మరింత ముఖ్యమవుతుంది.

అరటాకు అడ్డం వస్తుంది

ఇంతవరకు చదివి, అయితే రేపే పెద్దమ్మకు చేప చర్మం వేయించు అని ఎవరైనా అంటే నా దగ్గర కొన్ని అడ్డంకులున్నాయి.

మొదటిది, కప్పి ఉంచే కట్టు కిందనే చీమునూ కప్పుతుంది. స్పర్శ లేని పాదంలో లోపల కుళ్ళు మొదలైనా రోగికి తెలియదు. రోజూ కట్టు విప్పడంలో ఉన్న ఏకైక సుగుణం రోజూ ఒకరి కన్ను పుండు మీద పడటం. వారానికొకసారి విప్పే కట్టు వేయాలంటే ముందు చచ్చిన కండ చెక్కేయాలి, ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి, పాదానికి రక్తం అందుతోందా అని చీలమండ దగ్గర నాడి చూడాలి. వాసన, జ్వరం, వాపు వస్తే ఏం చేయాలో ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. పుండు మీద బరువు పడకుండా చూడటం అన్నిటికన్నా ముందు. మడమ మీద పుండు పెట్టుకుని వంటింట్లో నిలబడే మనిషికి ఏ దేశపు చేపా సాయపడదు. పెద్దమ్మకు వైద్యుడు రాసిన ఎంసీఆర్ (మెత్తని రబ్బరు) చెప్పులు గుమ్మం పక్కన కొత్తగానే ఉన్నాయి. ఇంట్లో చెప్పులేసుకుని తిరగడమేమిటన్నది ఆవిడ పట్టుదల. ఆ పట్టుదలతో మేము పడే యుద్ధంలో సగం కూడా ఆ లేపనం డబ్బాతో పడలేదు.

రెండోది నాకు ఇంకా పెద్దది. చేప చర్మాన్ని దేనితో పోల్చి గెలిచిందంటున్నారు? సిల్వర్ సల్ఫాడయజిన్ పోటీలో బలహీనుడు. చవకగా దొరకడం వల్లా, అలవాటు వల్లా ఆసుపత్రుల్లో నిలిచిపోయింది కానీ, కొత్త రకం కట్లతో పోల్చితే అది కాలిన గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుందని చాలా సమీక్షలు చెప్పాయి. బలహీనుణ్ణి ఓడించి పతకం తెచ్చుకున్నవాణ్ణి చూసి చప్పట్లు కొట్టే ముందు మన దేశంలోనే ఉన్న పోటీదారులను బరిలోకి దింపాలి. ముంబైలో 1980ల్లో కేశ్వానీ బృందం ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గాజుగుడ్డ మీద వరుసగా అతికించి కాలిన గాయాలకు కట్లు కట్టింది. 2003లో గోరే, అకోలేకర్ శుద్ధి చేసిన అరటాకును ఆ తొక్కతో పోల్చి, గాయానికి అతుక్కోకుండా, లాగితే నొప్పి లేకుండా అంతే బాగా పనిచేస్తుందని, తయారీ మరింత చవకని చూపించారు. అరటాకులో కొల్లాజెన్ లేదు, ఒమేగా-3 లేదు. నున్నగా ఉంటుంది, తడి ఆరనివ్వదు, అంతే. పైపైన కాలిన గాయానికి చేప చర్మం ఇచ్చే సుఖంలో ఎంత భాగం చేపది, ఎంత భాగం కేవలం తడి ఆరనివ్వని మెత్తని కప్పుది? అరటాకుతో ముఖాముఖీ పోటీ పెట్టేదాకా ఈ ప్రశ్నకు జవాబు రాదు. అరటాకుకు పేటెంటు లేదు కనుక ఆ పోటీకి డబ్బు పెట్టే కంపెనీ ఉండదు. ప్రభుత్వ వైద్య కళాశాలలే పూనుకోవాలి. అయితే అరటాకును తరచుగా మార్చాలి, లోతైన పుండుకు ఆసరా ఇవ్వలేదు. కాబట్టి పోటీ పైపై గాయాల్లోనే గట్టిగా ఉంటుందనీ, లోతైన మధుమేహ పుండులో చేప చర్మానిదే పైచేయి అవుతుందనీ నా అంచనా.

మన దగ్గర తోలు ఏది?

ఇక్కడ మా వృత్తి మాట ఒకటి చెప్పాలి. చేపలకు పెట్టింది పేరైన రాష్ట్రం, టన్నులకొద్దీ చేప చర్మం పారేస్తున్నాం, దానితో కట్లు తయారు చేస్తే బంగారమే అని ఉత్సాహపడేవాళ్ళు ఎదురవుతుంటారు. ఆ చర్మం ఎక్కడ పారేస్తున్నామో చూపించమంటే చూపించలేరు. కొల్లేరు, భీమవరం చెరువుల శీలావతి, బొచ్చె చేపలు నిండుగా, తోలుతోనే ఐసు పెట్టెల్లో బెంగాల్, అస్సాం లారీలెక్కుతాయి. కొన్నవాళ్ళు తోలుతోనే వండుకుంటారు. ముల్లు తీసి, తోలు ఒలిచి, కండ ముక్కలుగా అమ్మే ఫిల్లెట్ పరిశ్రమ ఉన్నచోటే తోలు వ్యర్థంగా మిగులుతుంది. ఐస్‌లాండ్‌లో కాడ్‌కూ, బ్రెజిల్‌లో తిలాపియాకూ అలాంటి పరిశ్రమ ఉంది. మన కృష్ణా జిల్లాలో మెరుగైన తిలాపియా పిల్లల పెంపకం జరుగుతున్నా, కట్లకు చాలినంత తోలు ఒకేచోట, ఒకే నాణ్యతతో దొరకాలంటే ముందు ఆ చేపను ఒలిచి అమ్మే మార్కెట్టు పుట్టాలి. పైగా చెరువుల్లో వాడే యాంటీబయాటిక్‌ల అవశేషాలు ఉన్నాయేమోనని మేము ప్రతి ఎగుమతి సరుకునూ పరీక్షిస్తాం. తినే చేపకే అంత పట్టింపు ఉంటే పుండులో పెట్టే చేపకు ఇంకెంత ఉండాలి?

విశాఖపట్నంలో నిజంగా గుట్టలుగా మిగిలేది రొయ్య తల, రొయ్య పొట్టు. దాని నుంచి కైటోసాన్ వస్తుంది. పొట్టును ఆమ్లంలో వేసి సున్నాన్ని, క్షారంలో వేసి ప్రొటీన్‌ను తీసేసి, మళ్ళీ గాఢమైన వేడి క్షారంలో ఉడికిస్తే తెల్లటి పలుకులు మిగులుతాయి. ఆ పదార్థానికి ధనావేశం, ఎర్ర రక్తకణాలకు రుణావేశం; రెండూ అంటుకుని రక్తం గడ్డకడుతుంది. కైటోసాన్ కట్టుకు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది, ఆ తరవాత ఇరాక్, అఫ్ఘనిస్తాన్ యుద్ధాల్లో సైనికుల నెత్తురు ఆపడానికి వాడారు. రొయ్య చేప కాదని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. జాలరిపేటలో బతుకుతెరువు లెక్కకు మాత్రం రెండూ ఒకే గంపలోవి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేప పేగు నుంచి ఒంట్లో కరిగిపోయే కుట్టుదారాన్నీ, రొయ్య పొట్టు నుంచి కైటోసాన్‌నూ తయారు చేసే పద్ధతులను రూపొందించింది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం మన పాండురంగపురంలోనే ఉంది. వైద్య పరికరాల తయారీకి 270 ఎకరాల్లో 2018 డిసెంబరులో మొదలైన మెడ్‌టెక్ జోన్ పెదగంట్యాడ దగ్గర ఉంది. ముడిసరుకు, పరిశోధన, తయారీ మూడూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. వీళ్ళు నాలుగో మనిషిని, అంటే కట్లు కట్టే నర్సును, మొదటి రోజునే పక్కన కూర్చోబెట్టుకోవాలని నా కోరిక. పుండు విస్తీర్ణం ఎన్ని చదరపు సెంటీమీటర్లు తగ్గిందని కొలిచే పట్టికలోనే ఎన్ని కట్లు మార్చారు, ప్రతిసారీ నొప్పి పదికి ఎంత, ఆసుపత్రికి ఎన్నిసార్లు వచ్చారు, ఎన్ని రోజుల కూలి పోయింది అన్న గళ్ళు కూడా గీయించాలి. అవి కొలవడానికి ఖరీదైన పరికరం ఏదీ అక్కరలేదు, అడిగి రాసుకుంటే చాలు.

అట్ట మీద రాయని సంగతి

చేప కట్లకు మద్దతుగా చెప్పే మాటల్లో మతపరమైన వెసులుబాటు ఒకటి. ఆవు మూలపు కట్టు హిందువులకు, పంది మూలపుది ముస్లింలకు, యూదులకు ఇబ్బంది. చేపకు ఆ గొడవ లేదంటారు. ఐరోపాలో కూర్చుని చూస్తే అది నిజమే. మా వీధిలో ఉల్లిపాయ కూడా ముట్టని ఇళ్ళున్నాయి. అలాంటి ఇంటి పెద్దాయన ఒకరికి కాలి గాయానికి ఒక చోట కొల్లాజెన్ షీటు వేశారు. అది ఆవు నుంచి వచ్చిందని ఆయనకు తెలిసింది వారం తరవాత, మందుల సంచిలో మిగిలిపోయిన అట్టపెట్టె మీది చిన్న అక్షరాలను మనవడు చదివినప్పుడు. గాయం బాగానే మానింది. ఆయన ఆ వైద్యుడి దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

బిస్కెట్ల పొట్లం మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనే మనుషులం. పుండులో పెట్టి ఒంట్లో కలిపేసుకునే పదార్థం ఏ ప్రాణి నుంచి వచ్చిందో ముందుగా, తెలుగులో, నోటితో చెప్పకపోవడం నాకు అర్థం కాదు. చెబితే వద్దంటారని భయపడే వైద్యులు కొందరున్నారు. గుండె ఆపరేషన్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కు విరుగుడుగా ఇచ్చే ప్రోటమిన్ సాల్మన్ చేప బీజం నుంచే వచ్చింది. శాకాహారుల ఒళ్ళలోకి అది దశాబ్దాలుగా ఎక్కుతూనే ఉంది. ప్రాణం నిలిపే చోట చాలామంది సరే అంటారని నా అనుభవం. కాలి పుండుకు మాత్రం ఇంకో కట్టు ఉంది కదా అని అడిగే హక్కు రోగికి ఉంది. ఒంటికి చేప పడనివాళ్ళు కూడా మన మధ్య ఉన్నారు. చేప తింటే దద్దుర్లు లేస్తాయా అన్న ఒక్క ప్రశ్న కట్టుకు ముందే అడగాలంటే, ఈ కట్టు చేపతో చేసిందని చెప్పక తప్పదు.